ఎడమకాలి బ్రేకింగ్
బ్రేకును కుడికాలితో కాక ఎడమకాలితో తొక్కుతూ కారు నడిపే పద్ధతి ఎడమకాలి బ్రేకింగ్. మామూలు గేర్ల కారులో ఎడమకాలు క్లచ్ పని చూస్తుంది, బ్రేకూ యాక్సిలరేటరూ కుడికాలివే.

1960లలో ఫిన్లాండ్ ర్యాలీ డ్రైవర్లు రౌనో ఆల్టోనెన్, టిమో మాకినెన్ ముందు చక్రాలతో నడిచే మినీ కార్లలో ఈ పద్ధతికి పేరు తెచ్చారు. యాక్సిలరేటరు వదలకుండా బ్రేకు వేస్తే ఇంజన్ బలంతో ముందు చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. వెనక చక్రాలకు ఆ బలం అందదు. బరువు ముందుకు మళ్లడంతో వాటి పట్టు సడలి, కారు వెనక భాగం పక్కకు జారుతుంది, ముక్కు మలుపులోకి తిరుగుతుంది. మంచు మీద, కంకర దారుల్లో కావలసిందీ అదే.

ఫార్ములా వన్‌లో క్లచ్ స్టీరింగ్ మీదికి చేరాక కింద రెండు పెడళ్లే మిగిలాయి. ఎడమకాలు బ్రేకుకు ఖాళీ అయింది, కాలు మార్చే వ్యవధీ తప్పింది. అయినా డ్రైవర్ రూబెన్స్ బారికెల్లో బ్రేకుకు చాలాకాలం కుడికాలినే నమ్ముకున్నాడు.

ఈ పద్ధతిని సాధన చేసే రేసింగ్ సిమ్యులేటర్‌లో, ముఖ్యంగా కదలని సీటులో, వేగం తగ్గుతున్న సంగతి ఒంటికి తెలియదు. పాదానికి తగిలే బిగువే ఆధారం. అందుకే అక్కడి బ్రేకులో అమర్చే లోడ్ సెల్ అనే సెన్సర్, పెడల్ ఎంత దూరం కదిలిందని కాక, ఎంత బలంగా తొక్కారన్నది కొలుస్తుంది. అక్కడ కుదిరిన అలవాటు రోడ్డు మీద వెంటనే పనికిరాదు: క్లచ్‌ను అడుగుదాకా తొక్కడానికి అలవాటుపడిన ఎడమకాలు బ్రేకునూ అలాగే తొక్కి కారును ఒక్కసారిగా ఆపేస్తుంది.