ఎలక్ట్రానిక్ నృత్య సంగీత నిర్మాణ అభ్యసనం

ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం అనగా సింథసైజర్లు, డ్రమ్ యంత్రాలు మరియు కంప్యూటరు సాఫ్టువేరు సహాయంతో, ముఖ్యంగా నృత్యానికి అనువుగా రూపొందించే సంగీతం. దీనిని కుదించి ఇ.డి.ఎమ్. అని వ్యవహరిస్తారు. హౌస్, టెక్నో, ట్రాన్స్, డ్రమ్ అండ్ బేస్ ఇందులోని ప్రధాన శాఖలు. స్వరకల్పన, వాదనం, ధ్వని ముద్రణ, మిశ్రణం అనే పనులన్నింటినీ ఈ సంగీతంలో చాలావరకు ఒకే వ్యక్తి నిర్వహిస్తారు. ఆ వ్యక్తిని నిర్మాత అంటారు. సినిమా రంగంలో నిర్మాత అంటే పెట్టుబడి పెట్టేవారు. ఇక్కడ సంగీతాన్ని తయారుచేసేవారు. ఉత్సవాలలో, పెళ్ళిళ్ళలో ముద్రిత గీతాలను ఎంపిక చేసి వినిపించే డీజే పని దీనికి భిన్నమైనది. అయితే ఒకే వ్యక్తి రెండు పనులూ చేయడం సాధారణం.

ఒకప్పుడు ఈ సంగీతానికి ఖరీదైన స్టూడియో అవసరమయ్యేది. ఇప్పుడు ఒక కంప్యూటరు, ఒక జత హెడ్‌ఫోనులు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. పరికరాలు చౌకయినా, నేర్చుకోవడం మాత్రం సులువు కాలేదు. గురువు లేకుండా, క్రమం తెలియకుండా ఒంటరిగా సాధన చేసే ప్రారంభకులలో పలువురు ఒక్క గీతమైనా పూర్తి చేయకుండానే విరమిస్తుంటారు. అందుకు గల కారణాలను, తెలుగు ప్రాంతపు అభ్యాసకులకు ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్యలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చరిత్ర

జపానుకు చెందిన రోలాండ్ సంస్థ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ యంత్రాన్ని, 1981లో టీబీ-303 అనే బేస్ యంత్రాన్ని విడుదల చేసింది. అసలు వాద్యాల ధ్వనిని పోలి లేవన్న కారణంగా ఇవి వ్యాపారపరంగా విఫలమయ్యాయి. పాత సామాను దుకాణాలలో తక్కువ ధరకు దొరికిన ఈ యంత్రాలతోనే అమెరికాలోని చికాగో, డెట్రాయిట్ నగరాల యువకులు హౌస్, టెక్నో సంగీతాలను రూపొందించారు. 1983లో వచ్చిన మిడి ప్రమాణం వలన వేర్వేరు సంస్థల వాద్యాలను ఒకదానితో ఒకటి అనుసంధానించడం సాధ్యమయింది.

భారతదేశంలో ఈ ప్రయోగం చాలా ముందుగానే జరిగింది. ముంబయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో టీఆర్-808, టీబీ-303, జూపిటర్-8 యంత్రాలతో పది హిందుస్తానీ రాగాలను డిస్కో లయలో వాయించి ఒక ఎల్.పి. రికార్డు విడుదల చేశాడు. అప్పట్లో దానిని పట్టించుకున్నవారు తక్కువ. 2010లో పునర్ముద్రణ జరిగిన తరువాత అది ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు పొందింది. చికాగోలో ఆసిడ్ హౌస్ అనే శైలి రికార్డులపైకి రావడానికి ఐదేళ్ళ ముందే దానిని పోలిన ధ్వని ఈ రికార్డులో ఉండడం విమర్శకులను ఆశ్చర్యపరచింది.

1997లో బెల్జియం నుండి వచ్చిన ఫ్రూటీలూప్స్ (ప్రస్తుత నామం ఎఫ్.ఎల్. స్టూడియో), 2001లో జర్మనీ నుండి వచ్చిన ఏబుల్‌టన్ లైవ్ వంటి సాఫ్టువేర్లు ఈ విద్యను ఇంటి కంప్యూటరుకు చేర్చాయి. ఇటువంటి సాఫ్టువేరును డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు. ఎల్.ఎం.ఎం.ఎస్. వంటివి ఉచితంగా లభిస్తాయి.

ఉత్తరాంధ్ర నేపథ్యం

విజయనగరం తెలుగునాట సంగీత విద్యకు పేరెన్నిక గన్న పట్టణం. ఇక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో ప్రారంభమయింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దీనికి మొదటి అధ్యక్షుడు. తరువాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పదవి నిర్వహించాడు. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ఈ కళాశాల విద్యార్థి. 

కర్ణాటక సంగీత శిక్షణకు స్థిరమైన క్రమం ఉన్నది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు అనే మెట్లను విద్యార్థి ఒక్కొక్కటిగా ఎక్కుతాడు. తప్పు పాడిన వెంటనే గురువు సరిదిద్దుతాడు. ఎలక్ట్రానిక్ సంగీత అభ్యాసకునికి ఈ రెండూ ఉండవు. సాఫ్టువేరు తెరిచిన మొదటి రోజునే వందలాది వాద్యాలు, మీటలు ఒకేసారి ఎదురవుతాయి. సరళీ స్వరాలు రానివారి ముందు వర్ణం పెట్టినట్లు ఉండే ఈ పరిస్థితే తొలి అవరోధం.

శాస్త్రీయ సంగీతంతో పాటు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో తప్పెటగుళ్ళు, జముకుల కథ వంటి జానపద కళలు ఉన్నాయి. తప్పెటగుళ్ళ కళాకారులు రేకుతో చేసిన గుండ్రని వాద్యాన్ని ఛాతీపై కట్టుకొని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ళ గజ్జెలు మోగేలా చిందులు వేస్తారు. జముకు అనే వాద్యంలో తీగ బిగువును మార్చడం ద్వారా స్వరాన్ని పైకి, కిందికి జార్చవచ్చు. పండుగలలో, ఊరేగింపులలో జానపద గీతాలకు ఎలక్ట్రానిక్ దరువు జోడించిన ‘డీజే పాటలు’ విరివిగా వినిపిస్తాయి. స్థానిక యువకులలో పలువురికి ఈ విద్యతో మొదటి పరిచయం ఇటువంటి పాటల ద్వారానే కలుగుతుంది.

ప్రారంభకులకు ఎదురయ్యే సమస్యలు

పరికరాల వ్యామోహం

తన గీతం బాగా రాకపోవడానికి పరికరాల కొరతే కారణమని ప్రారంభకుడు భావించడం సర్వసాధారణం. కొత్త సాఫ్టువేరు, కొత్త ధ్వనుల సంపుటాలు సేకరించడంలోనే నెలలు గడిచిపోతాయి. ప్రతి కొత్త పనిముట్టుతో నేర్చుకోవడం మళ్ళీ మొదటికి వస్తుంది. ప్రధాన సాఫ్టువేర్లన్నీ చేయగలిగిన పనులు దాదాపు ఒకటే కనుక, ఒక దానిని ఎంచుకొని లోతుగా నేర్చుకోవడం మేలు.

గది మరియు శ్రవణం

మానవ శ్రవణ పరిధి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు ఉంటుంది. నృత్య సంగీతానికి ఆధారమైన కిక్ డ్రమ్ము, బేస్ ధ్వనుల బలం ఎక్కువగా 40 నుండి 100 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. ఫోను స్పీకరులో ఈ ధ్వనులు దాదాపుగా వినిపించవు. వినిపించని దానిని సరిదిద్దడం సాధ్యం కాదు.

మంచి స్పీకర్లు ఉన్నప్పటికీ గది అడ్డు వస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం 10 అడుగులైతే, ఆ గదిలో సుమారు 56 హెర్ట్జ్‌ల ధ్వని ప్రతిధ్వనించి, గోడల దగ్గర పెద్దదిగాను, గది మధ్యలో బలహీనంగాను వినిపిస్తుంది. ఇది సరిగ్గా కిక్ డ్రమ్ము ఉండే చోటు. గది మధ్యలో కూర్చున్న అభ్యాసకుడు బేస్ చాలడం లేదని భావించి పెంచుతూ పోతాడు. అదే గీతాన్ని బయట పెద్ద స్పీకర్లపై వినిపించినప్పుడు గొంతు, తాళం అన్నీ ఆ హోరులో మునిగిపోతాయి. పరుపులు, దుప్పట్లు, పుస్తకాల బీరువాలు పై స్థాయి ధ్వనుల ప్రతిఫలనాన్ని కొంత తగ్గించగలవు కాని, ఇంత కింది స్థాయి ధ్వనిని అదుపు చేయలేవు. అందువలన చిన్న గదులలో పనిచేసేవారు హెడ్‌ఫోనులతో సరిచూసుకోవడం అవసరం.

ధ్వని ఆలస్యం

కీబోర్డు మీట నొక్కిన తరువాత ధ్వని వెలువడడానికి కంప్యూటరు కొంత వ్యవధి తీసుకుంటుంది. సెకనుకు 44,100 నమూనాల ప్రమాణంలో, 512 నమూనాల బఫరు సుమారు 12 మిల్లీసెకనుల ఆలస్యాన్ని, 2,048 నమూనాల బఫరు సుమారు 46 మిల్లీసెకనుల ఆలస్యాన్ని కలిగిస్తుంది. రెండవ స్థితిలో లయబద్ధంగా వాయించడం కష్టం. ఈ సంగతి తెలియని అభ్యాసకుడు తనకు లయజ్ఞానం లేదని నిరుత్సాహపడే అవకాశం ఉన్నది. వాయించేటప్పుడు బఫరు తగ్గించి, మిశ్రణ సమయంలో పెంచుకోవడం దీనికి పరిష్కారం.

లయ

సాఫ్టువేరు సాధారణంగా ప్రతి అక్షరకాలాన్ని నాలుగు సమభాగాలుగా విభజించి చూపుతుంది. ఇది కర్ణాటక సంగీతంలోని చతురశ్ర గతికి సమానం. హౌస్ సంగీతం నిమిషానికి సుమారు 120 నుండి 130 దెబ్బల వేగంతో ఈ గతిలోనే సాగుతుంది. కాని తెలుగు ప్రాంతపు డప్పు దరువులలో అనేకం మూడు లెక్కల నడకతో, అంటే తిశ్ర గతిలో ఉంటాయి. వాటిని నాలుగు గళ్ళ చట్రంలో అమర్చితే దరువులోని ఊపు పోతుంది. గళ్ళ విభజనను మూడుకు మార్చుకోవచ్చునన్న సంగతి ప్రారంభకులలో చాలామందికి తెలియదు.

మరొక చిక్కు వేగంలో వస్తుంది. నిదానంగా మొదలై క్రమంగా వేగం పుంజుకునే జానపద ప్రదర్శనలకు, స్థిరవేగంతో నడిచే యంత్రపు దరువును జోడిస్తే కొద్దిసేపటికే రెండూ విడిపోతాయి. అటువంటప్పుడు ముద్రణలోని ప్రతి ఆవర్తం ఆరంభాన్ని గుర్తించి, సాఫ్టువేరు వేగాన్ని దానికి అనుగుణంగా మార్చవలసి ఉంటుంది. జానపద గీతాన్నే సాగదీసి యంత్రపు వేగానికి కట్టివేయడం సులభ మార్గం. కాని అప్పుడు ఆ ప్రదర్శనకు ప్రాణమైన ఉరవడి నశిస్తుంది.

శ్రుతి మరియు రాగం

సంగీతం నేర్చినవారు ‘ఒకటో శ్రుతి’, ‘ఐదో శ్రుతి’ అని చెప్పేదానిని సాఫ్టువేరు సి, జి అనే అక్షరాలతో చూపుతుంది. ఒకటిన్నర శ్రుతి అనగా సి షార్ప్, రెండో శ్రుతి డి, నాలుగో శ్రుతి ఎఫ్. గొంతు శ్రుతి, బేస్ శ్రుతి వేరువేరుగా ఉండడం తొలి రీమిక్సులలో తరచుగా కనిపించే దోషం.

పాశ్చాత్య పద్ధతిలో కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించడాన్ని కార్డు అంటారు. రాగ ప్రధానమైన పాటకు పాఠాలలో చూపిన కార్డులను యథాతథంగా జోడిస్తే రాగస్వరూపం చెడవచ్చు. ఉదాహరణకు, మోహన రాగంలో స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలే ఉన్నాయి. స-గ-ప కార్డు, ద-స-గ కార్డు ఈ రాగంలో ఇముడుతాయి. మ-ద-స, ప-ని-రి కార్డులు రాగంలో లేని మధ్యమాన్ని, నిషాదాన్ని తెస్తాయి. తెలిసి చేస్తే అది ప్రయోగం. తెలియక చేస్తే ఏదో లోపించిందని అనిపిస్తుందే తప్ప కారణం బోధపడదు.

గమకం మరింత కష్టమైనది. మీటల కీబోర్డు ఒక స్వరం నుండి మరొక స్వరానికి దూకుతుందే గాని జారదు. పిచ్ బెండ్ చక్రంతో స్వరాన్ని జార్చవచ్చు కాని, అనేక వాద్యాలలో దాని పరిధి ముందుగా రెండు అర్ధస్వరాలకు పరిమితమై ఉంటుంది. టీబీ-303 యంత్రంలోని జారుడు సౌకర్యాన్ని చరణ్‌జిత్ సింగ్ ఈ అవసరానికే వాడుకున్నాడు. జముకు ధ్వనిని శ్రద్ధగా విన్న అభ్యాసకునికి ఈ సౌకర్యం ప్రయోజనం త్వరగా అర్థమవుతుంది.

అసంపూర్ణ గీతాలు

నాలుగు దెబ్బల కాలాన్ని ఒక బారు అంటారు. రెండు బార్లు ఆదితాళంలోని ఒక ఆవర్తానికి సమానం. ప్రారంభకులు ఎనిమిది బార్ల ముక్క తయారుచేసి, దానినే పదే పదే వింటూ, కొత్త ధ్వనులు చేర్చుతూ అక్కడే ఆగిపోవడం ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా చర్చించే సమస్య. వినగా వినగా చెవి ఆ ముక్కకు అలవాటుపడి, దానిలోని మంచిచెడులను గుర్తించే శక్తిని కోల్పోతుంది.

గీతాన్ని ముందుకు నడిపించేది కొత్త ధ్వని మాత్రమే కాదు, ఉన్న ధ్వనిని తీసివేయడం కూడా. నృత్య సంగీతంలో దరువు కాసేపు ఆగి, ఉత్కంఠ పెరిగి, తిరిగి ఒక్కసారిగా అందుకుంటుంది. హరికథలోను, తప్పెటగుళ్ళలోను ఈ నిలుపుదల, అందుకోలు ప్రేక్షకులకు పరిచితమే.

మిశ్రణం మరియు ధ్వని స్థాయి

ప్రతి ధ్వనినీ పెంచుతూ పోతే మొత్తం సున్నా డెసిబెల్ పరిమితిని దాటి, ధ్వని పగులుతుంది. కిక్ డ్రమ్ము, బేస్ ఒకే స్థానంలో పోటీపడినప్పుడు రెండూ అస్పష్టమవుతాయి. డ్రమ్ము మోగిన క్షణంలో బేస్ స్థాయి తానుగా తగ్గేలా అమర్చడాన్ని సైడ్‌చెయిన్ అంటారు.

పెద్దగా వినిపించినదే బాగుందని చెవి భ్రమిస్తుంది. స్థాయి మారితే చెవి గ్రహించే బేస్ మోతాదు కూడా మారుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపారు. కనుక తక్కువ స్థాయిలో పనిచేసి, అప్పుడప్పుడు మాత్రమే పెంచి వినడం మంచిది. వినికిడి రక్షణకు కూడా ఇది అవసరం. పెద్దలకు 80 డెసిబెళ్ళ ధ్వని వారానికి 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. చెవి ఒకసారి దెబ్బతింటే ఏ పరికరమూ దానిని భర్తీ చేయలేదు.

కాపీహక్కులు

భారత కాపీహక్కుల చట్టం (1957) ప్రకారం ధ్వని ముద్రణకు ప్రచురణ తరువాత 60 సంవత్సరాల రక్షణ ఉంటుంది. సినిమా పాట ముద్రణ నుండి గొంతును విడదీసి, దరువు చేర్చి విడుదల చేయడానికి హక్కుదారుల అనుమతి కావాలి. సాంప్రదాయిక జానపద బాణీ ఎవరి సొత్తూ కాకపోయినా, దానిని ఒక కళాకారుడు పాడిన ముద్రణకు హక్కులు ఉంటాయి. స్థానిక కళాకారులను అనుమతితో స్వయంగా రికార్డు చేసి, వారి పేరును ప్రకటించి, పారితోషికం చెల్లించడం న్యాయమైన మార్గం. అటువంటి ముద్రణ మరెవరి వద్దా లేని ధ్వని అవుతుంది కనుక సంగీతపరంగానూ లాభమే.

అభ్యాస పద్ధతులు

అనుభవజ్ఞులైన నిర్మాతలు సాధారణంగా సూచించే పద్ధతులు:

• ఒక సాఫ్టువేరు, ఒక సింథసైజరు, కొద్దిపాటి డ్రమ్ము ధ్వనులతో మాత్రమే కొన్ని నెలలు పనిచేయడం.
• నచ్చిన గీతాన్ని సాఫ్టువేరులో ఉంచి, ఏ బారు వద్ద ఏ ధ్వని చేరిందో, ఏది తొలగిందో రాసుకోవడం.
• బాగున్నా, లేకున్నా ప్రతి గీతాన్ని చివరిదాకా పూర్తి చేయడం.
• పూర్తయిన గీతాన్ని ఫోను, ఇయర్‌ఫోను, ఆటో లేదా కారు స్పీకరులపై విని తేడాలు గమనించడం.
• మరునాడు తాజా చెవితో తిరిగి వినడం.
• సంగీతం తెలిసిన మరొకరికి వినిపించి, వారి మాటను ఓపికగా స్వీకరించడం.

ఈ చివరి సూచన సాంప్రదాయిక శిక్షణలో గురువు నిర్వహించే పాత్రకు సమీపమైనది. చేతితో తాళం వేయడం, శ్రుతి పట్టడం, స్వరాన్ని విని గుర్తించడం వంటి ప్రాథమిక సాధనలు ఎలక్ట్రానిక్ సంగీతానికి కూడా పూర్తిగా వర్తిస్తాయి. కనుక సంగీత కళాశాలలోనో, భజన బృందంలోనో, డప్పు బృందంలోనో కొంతకాలం గడిపిన విద్యార్థి సాఫ్టువేరు విషయంలో వెనుకబడి ఉన్నా, శ్రవణం విషయంలో ముందుంటాడు. సాఫ్టువేరును కొన్ని నెలల్లో నేర్చుకోవచ్చు, శ్రవణ జ్ఞానానికి మాత్రం సంవత్సరాల సాధన కావాలి.

ఇవి కూడా చూడండి

• ఆదిభట్ల నారాయణదాసు
• కర్ణాటక సంగీతం
• తప్పెటగుళ్ళు
• మిడి
• విజయనగరం