విత్తనానికి ముందొచ్చిన డబ్బు: ఉరవకొండలో కరోనా ఏటి సాయం

ఉరవకొండ చరిత్ర రాస్తే కరువుల వరస రాయక తప్పదు. ఆ కరువుల్లో సాయం ఎవరికి, ఏ నెలలో అందిందన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. ఉరవకొండ ఉన్న అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్నహోబిలం పక్కన పెన్న ఉన్నా, నీళ్లు పారే రోజులకంటే ఇసుక తేలిన రోజులే ఎక్కువ. తుంగభద్ర ఎగువ కాలువ, 2012లో జీడిపల్లి చేరిన హంద్రీ-నీవా నీళ్లు కొన్ని ఊళ్లను ఆదుకున్నాయి. మిగిలిన మెట్టలో శెనక్కాయకు వానే దిక్కు.

1876–78 ధాతు కరువు నాటికి అనంతపురం జిల్లాయే లేదు. 1882లో ఏర్పడేదాకా ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలోనిది. అప్పట్లో సాయమంటే రోడ్డు పనికో చెరువు పనికో పోయి రాళ్లు కొట్టడం. 1877లో బ్రిటిష్ ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ ఆ కూలీని కూడా రోజుకు పౌను ధాన్యం, కాస్త చిల్లరకు కోసేశాడు. అది ప్రాణం నిలిపే కొలత కాదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాక, కొన్ని నెలలకు పెంచారు. 1950ల తొలినాళ్ల కరువులో రాయలసీమకు గంజి కేంద్రాలు వచ్చాయి. ఎముకలు తేలిన మనిషే సాయం ఉన్నచోటికి నడిచిపోవాల్సిన కాలాలవి.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడేసరికి జిల్లాలో చీనీ, అరటి, కర్బూజ కోతకొచ్చి ఉన్నాయి. లారీలు కదల్లేదు, దూరపు మార్కెట్లు మూతబడ్డాయి. అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరింది సెప్టెంబరు 9న. ఎండాకాలం పంటకు అది అందిరాలేదు.

డబ్బు మాత్రం ముందే వచ్చింది. పీఎం కిసాన్ కింద కేంద్రం 2,000 రూపాయలను ఏప్రిల్‌లోనే ఖాతాల్లో వేసింది. మే 15న రైతు భరోసా కింద రాష్ట్రం మరో 5,500 జమచేసింది. రాష్ట్రంలో దాదాపు 49 లక్షల కుటుంబాలకు అందిన సాయమిది. అదే ఏడాది అమెరికా తన రైతులకు 1,600 కోట్ల డాలర్ల సాయం ప్రకటించి, పంట పరిమాణాన్ని, నష్టాన్ని బట్టి లెక్కగట్టింది. ఇక్కడ రెండెకరాల వాడికీ ఎనిమిదెకరాల వాడికీ ఒకటే మొత్తం.

ఏడున్నర వేలతో సేద్యం గడవదు. కానీ అది మే నెల. విత్తనకాయలు కొని, ఒలిచి, దుక్కి చేసి మొదటి పదును కోసం కాచుకునే నెల. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు పుట్టించుకునేది కూడా అప్పుడే. పంట పోయాక వచ్చే పరిహారం పాత బాకీకి పోతుంది. విత్తనానికి ముందొచ్చిన డబ్బు భూమిలోకి పోతుంది. ధాతు కరువు నుంచి ఇప్పటిదాకా మా నేలకు అందిన సాయాల్లో దీని విశేషం అదే: మనిషి కుప్పకూలకముందే రావడం, అడుక్కోనక్కర లేకుండా రావడం.

అయితే ఈ డబ్బు పట్టాదారు పాసుపుస్తకం వెంట నడిచింది. మా చుట్టుపక్కల గుత్తకు చేసేవాళ్లు చాలామంది. పీఎం కిసాన్‌లో వాళ్లకు చోటే లేదు. రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు చోటిచ్చారు. అందుకు 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రం, దానికి భూమి యజమాని సంతకం అవసరమయ్యాయి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని జంకుతాడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు గుత్త దక్కదేమోనని రైతు ఊరుకుంటాడు. 2020లో వానలు దండిగా కురిసి, చివరికి ఎక్కువై శెనక్కాయను దెబ్బతీశాయి. ఆ నష్టం మోసింది పొలం దున్నినవాడు.

దీనికి దారి మన చేతిలోనే ఉంది. ఏ పొలంలో ఎవరు ఏం వేశారో ప్రభుత్వ ఈ-పంట లెక్కల్లో ప్రతి ఏటా నమోదవుతోంది. ఆ నమోదు నిజాయితీగా జరిగితే, జాబితాను గ్రామ సచివాలయం గోడమీద అంటించి అభ్యంతరాలు వింటే, మరుసటి మే నెల డబ్బు దాని ప్రకారమే వేయొచ్చు. డబ్బును వేళకు చేర్చగలమని 2020 రుజువు చేసింది. దున్నేవాడి పేరున చేర్చడం ఇంకా మిగిలిన పని.