‘చేసి చూడు’: ఎక్స్‌ప్లోరటోరియం చరిత్ర, విజ్ఞాన మ్యూజియం విలువలు, తెలుగు ఫలకం

1. ప్రవేశిక

మ్యూజియానికి తెలుగులో ‘ప్రదర్శనశాల’ అన్న మాట స్థిరపడింది. ప్రదర్శించేవారు ఒకరు, చూసేవారు మరొకరు అన్న విభజన ఆ మాటలోనే ఉన్నది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ సంగీత గడియారం ముందు జనం గుమిగూడడం హైదరాబాదు ఎరిగినవారికి తెలిసిన దృశ్యమే. బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది, జనం లెక్కపెట్టుకొని వెళ్ళిపోతారు. లోపల ఏ చక్రం దేనిని తిప్పుతున్నదో తెలుసుకోవాలన్న కోరిక కలిగినా, తీర్చుకునే మార్గం అక్కడ లేదు. అది ఆ మ్యూజియం లోపం కాదు. దాని ధర్మం వేరు. ఆ కోరికనే ఆధారం చేసుకొని 20వ శతాబ్దంలో మరొక రకం మ్యూజియం రూపొందింది. దానికి ప్రధాన ఉదాహరణ 1969లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రారంభమైన ఎక్స్‌ప్లోరటోరియం.

ఇటువంటి మ్యూజియాలను ‘తాకనిచ్చే మ్యూజియాలు’గా వర్ణించడం పరిపాటి. తాకడం వాటి బాహ్య లక్షణం మాత్రమే. ఒక విషయం నిజమని తేల్చే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు అవి ఇచ్చిన సమాధానంలోనే వాటి అసలు విలువ ఉన్నదని, ఆ సమాధానం తెలుగు నేలమీదికి వచ్చేసరికి భాషా సమస్యగా మారుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

2. మీట సంప్రదాయం

సందర్శకుడి చేతికి పని కల్పించడం ఎక్స్‌ప్లోరటోరియంతో మొదలు కాలేదు. 1888లో బెర్లిన్‌లో స్థాపితమైన ఉరానియా సంస్థలోనే సందర్శకులు మీట నొక్కి నడిపించే ప్రయోగాలు ఉండేవి. ఆస్కార్ ఫాన్ మిల్లర్ 1903లో స్థాపించిన మ్యూనిక్ డాయిష్ మ్యూజియం యంత్రాలను కోసి లోపలి భాగాలు చూపింది, నమూనాలను కదిలించింది. లండన్ సైన్స్ మ్యూజియంలో 1931లో పిల్లల గ్యాలరీ ఏర్పడింది. 1937లో పారిస్‌లో భౌతిక శాస్త్రవేత్త జాఁ పెరాఁ చొరవతో వెలసిన పాలే ద లా దెకూవెర్త్‌లో ప్రయోగాలను ప్రేక్షకుల ఎదుట చేసి చూపేవారు.

ఇవన్నీ గొప్ప సంస్థలే. అయితే మీట నొక్కితే జరిగేది ముందే నిర్ణయమై ఉంటుంది. పదిమంది నొక్కినా ఒకటే ఫలితం. నొక్కినవాడు యంత్రాన్ని నడిపించాడు, నిజమే; కానీ ప్రశ్న అతనిది కాదు. ఈ తేడాను పట్టుకున్న వ్యక్తి ఫ్రాంక్ ఓపెన్‌హైమర్.

3. బహిష్కృతుడైన ఉపాధ్యాయుడు

ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ (1912–1985) అణుబాంబు నిర్మాణానికి నాయకత్వం వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కు తమ్ముడు. ఆయనా భౌతిక శాస్త్రవేత్తే. యురేనియం ఐసోటోపుల వేర్పాటులో పనిచేశారు. 1945 జులై 16న తొలి అణు విస్ఫోటనం జరిగినప్పుడు అక్కడ ఉన్నారు. యుద్ధానంతరం మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చేరారు. 1930లలో తాను కమ్యూనిస్టు పార్టీ సభ్యుడినన్న విషయాన్ని 1947లో పత్రికల్లో వార్త వచ్చినప్పుడు కాదన్నారు. 1949లో అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘం ముందు ఒప్పుకున్నారు, ఇతరుల పేర్లు చెప్పడానికి మాత్రం నిరాకరించారు. ఉద్యోగం పోయింది. దేశంలో మరే విశ్వవిద్యాలయమూ చేరదీయలేదు. కొలరాడో కొండల్లో పశువుల పెంపకంతో సుమారు పదేళ్ళు గడిచాయి.

ఈ ఘట్టాన్ని జీవిత చరిత్రలోని విషాద భాగంగా మాత్రమే చదివితే మ్యూజియం చరిత్రలో ముఖ్యమైన సూత్రం జారిపోతుంది. 1957లో ఆయన పాగోసా స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు. పరికరాలు లేని పాఠశాల అది. పిల్లలను పాడైన యంత్రాలు పారవేసే చోటికి తీసుకువెళ్ళి, దొరికిన భాగాలతోనే యాంత్రిక శాస్త్రం బోధించారు. తరువాత కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ప్రయోగాల గ్రంథాలయం’ ఏర్పరచారు. గ్రంథాలయంలో పుస్తకాలు ఎల్లప్పుడూ అందుబాటులో ఉన్నట్లే అక్కడ ప్రయోగ సామగ్రి అమర్చి ఉండేది. విద్యార్థి తన వీలునుబట్టి వచ్చి, ఇష్టం ఉన్నంతసేపు చేసుకోవచ్చు. ప్రయోగశాలకు గంట కొట్టే మన కళాశాలల్లో ఈ ఆలోచన ఈనాటికీ కొత్తదే.

1965లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్‌తో ఐరోపా వెళ్ళిన ఓపెన్‌హైమర్ పైన చెప్పిన లండన్, పారిస్, మ్యూనిక్ మ్యూజియాలను పరిశీలించారు. విజ్ఞాన మ్యూజియం ఎందుకుండాలో వివరిస్తూ 1968లో ‘క్యూరేటర్’ పత్రికలో వ్యాసం ప్రకటించారు. మరుసటి ఏడు ఎక్స్‌ప్లోరటోరియం మొదలైంది. 1915 నాటి అంతర్జాతీయ ప్రదర్శన కోసం కట్టిన ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ భవనంలో, కొద్దిపాటి ప్రదర్శనలతో తలుపులు తెరిచారు. అదే 1969లో కెనడాలో ఒంటారియో సైన్స్ సెంటర్ కూడా ప్రారంభమైంది. కాలం ఆ దిశగానే నడుస్తున్నదన్న మాట.

రహస్యం అనే గోడ వెనుక, ప్రజలకు తెలియకుండా నిర్మితమైన విజ్ఞానంలో పాలుపంచుకున్న వ్యక్తి, గోడలు లేని విశాలమైన హాలులో విజ్ఞానాన్ని పరచి పెట్టాడు. ఇది యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. ప్రపంచం తమకు అర్థం కాదని ప్రజలు చేతులెత్తేస్తే, వారి తరఫున ఎవరో నిర్ణయాలు తీసుకుంటారన్న ఆందోళన ఆయన ఆలోచనలో అంతర్లీనంగా ఉన్నది.

4. విలువలు ఎక్కడ కనిపిస్తాయి?

సంస్థల విలువలను ఆశయ ప్రకటనల్లో వెదకడం కంటే వాటి అమరికలో వెదకడం మేలు. ఎక్స్‌ప్లోరటోరియం కార్యశాలను జనానికి కనబడేలా పెట్టింది. ప్రదర్శనలు తయారుకావడం, చెడిపోవడం, బాగుపడడం సందర్శకుడి కళ్ళముందే జరిగేది. ప్రదర్శనల మధ్య తిరుగుతూ మాట్లాడే ‘ఎక్స్‌ప్లెయినర్లు’ పండితులు కారు, ఉన్నత పాఠశాల విద్యార్థులు. వారికి జీతం ఇచ్చేవారు. ఆవు కన్నును కోసి చూపే పని కూడా వారిదే. 1975 నుంచి వెలువడిన ‘కుక్‌బుక్’ సంపుటాలలో ప్రతి ప్రదర్శననూ ఎలా నిర్మించాలో వంట విధానంలా వివరించి, దానిలోని లోపాలను కూడా రాశారు. ఎవరైనా తయారుచేసుకోవచ్చు. ప్రపంచమంతటా ఒకే రకం ప్రదర్శనలు కనబడడానికి ఇది ఒక ప్రధాన కారణం. కళాకారులనూ శాస్త్రజ్ఞులతో సమానంగా నిలిపి, 1974 నుంచి వారికి ప్రత్యేక కార్యక్రమం నడిపింది.

మానవ గ్రహణశక్తిని తొలి కేంద్రాంశంగా ఎంచుకోవడం అన్నిటికంటె లోతైన నిర్ణయమని నా అభిప్రాయం. వంకర గదిలో ఒక మూల నిలబడ్డ మనిషి మరుగుజ్జుగా, మరో మూలకు నడిచేసరికి ఆజానుబాహువుగా కనిపిస్తాడు. గది నిర్మాణ రహస్యం తెలిసిన తరువాత కూడా కన్ను మోసపోతూనే ఉంటుంది. తెలుసుకోవడం, చూడడం ఒకటి కావన్న పాఠం ఇది. అలాగని ఈ పద్ధతిని విమర్శకు అతీతంగా చూడనక్కరలేదు. సేకరణ లేని మ్యూజియంలో చరిత్రకు చోటు తగ్గుతుంది. తిరిగే చక్రం ఉంటుంది కానీ, దానిని కార్ఖానాలో తిప్పిన కార్మికుడు కనబడడు. బాంబు తయారీలో పాల్గొన్న వ్యక్తి స్థాపించిన సంస్థ సాంకేతికత సామాజిక ఫలితాలను తొలినాళ్ళలో కేంద్రంగా చేసుకోకపోవడం గమనించదగినది.

2013లో ఎక్స్‌ప్లోరటోరియం సముద్రతీరంలోని పియర్ 15కు తరలివెళ్ళింది.

5. భారతదేశంలో మరొక మూలం

భారతదేశంలో విజ్ఞాన మ్యూజియాలు వేరొక అవసరం నుంచి పుట్టాయి. 1954లో పిలానీలో బిర్లా మ్యూజియం, 1959 మే 2న కలకత్తాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం వెలిశాయి. రెండవదానికి వెనుక బిధాన్ చంద్ర రాయ్‌ను ఆకట్టుకున్న మ్యూనిక్ ఆదర్శం ఉన్నది. బెంగళూరులో విశ్వేశ్వరయ్య పేరిట వెలసిన మ్యూజియం 1965లో గ్యాలరీలు తెరిచింది. పేర్లలోని ‘పారిశ్రామిక’ అన్న విశేషణం గమనార్హం. కొత్త దేశానికి ఉక్కు, బొగ్గు, విద్యుత్తు ఎలా వస్తాయో పౌరులకు చూపడం వాటి తొలి లక్ష్యం. అక్కడ అధికారం ప్రశ్న కాదు, అభివృద్ధి ప్రశ్న. 1965లోనే సంచార విజ్ఞాన ప్రదర్శన పల్లెలకు బయలుదేరడం మన దేశపు విశిష్టమైన చేర్పు; మ్యూజియానికి రాలేనివారి దగ్గరికి మ్యూజియమే వెళ్ళింది.

1976లో 42వ రాజ్యాంగ సవరణ 51–ఎ (హెచ్) అధికరణ ద్వారా శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అన్నది. 1978లో జాతీయ విజ్ఞాన మ్యూజియాల మండలి ఏర్పడింది. వస్తువు నుంచి ప్రయోగానికి, పరిశ్రమ నుంచి పౌరుడికి దృష్టి మళ్ళిన దశ ఇది. బొంబాయి నెహ్రూ సైన్స్ సెంటర్ 1985లో ప్రారంభమైంది. తెలుగు ప్రాంతంలో హైదరాబాదు నౌబత్ పహాడ్‌పై బిర్లా ప్లానెటోరియం 1985లో, దాని చెంత విజ్ఞాన మ్యూజియం 1990లో, తిరుపతిలో మండలికి చెందిన ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993లో ఏర్పడ్డాయి.

6. ఫలకం మీది తెలుగు

ప్రదర్శన పక్కన ఉండే ఫలకం సాహిత్య విద్యార్థికి సంబంధించని విషయంగా కనిపించవచ్చు. కానీ ఎక్స్‌ప్లోరటోరియం ఫలకాల వరుస చూడండి: ఏం చేయాలి, ఏం గమనించాలి అన్నది ముందు; ఏం జరుగుతోంది అన్నది తరువాత. సూత్రం పేరు అవసరమైతే చివర వస్తుంది. ఇది వాక్య నిర్మాణానికి సంబంధించిన నిర్ణయం. పేరు ముందు పెడితే సందర్శకుడు విద్యార్థి అవుతాడు. క్రియ ముందు పెడితే పరిశోధకుడు అవుతాడు.

తిరిగే పీటనే తీసుకుందాం. చేతులు చాచి కూర్చుని తిరుగుతూ, చేతులు దగ్గరికి ముడుచుకుంటే వేగం పెరుగుతుంది. దీనికి ‘కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం’ అని శీర్షిక పెట్టవచ్చు. పాఠ్యపుస్తక పరిభాషగా అది నిర్దుష్టమే; 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వంటి సంస్థల పరిభాషా కృషిని తక్కువ చేయవలసిన పని లేదు. కాని పీట ఎక్కిన పిల్లకు ఆ శీర్షిక ‘ఇది నీకు ముందే తెలిసి ఉండవలసింది’ అని చెబుతుంది. ‘చేతులు ముడిచి చూడు’ అన్న వాక్యం అలా చెప్పదు.

ఇక్కడ తెలుగుకు ఒక సహజ సౌలభ్యం ఉన్నది. ‘చూడు’ మన భాషలో కంటి పనికి పరిమితమైన ధాతువు కాదు. రుచి చూస్తాం, వాసన చూస్తాం, పట్టి చూస్తాం, ఊది చూస్తాం, అడిగి చూస్తాం. క్త్వార్థకం మీద అనుప్రయుక్తమైనప్పుడు అది ‘ఫలితం ఏమవుతుందో తెలుసుకోవడానికి పూనుకోవడం’ అన్న అర్థాన్నిస్తుంది. ప్రయోగం అన్న భావనను తెలుగు వ్యాకరణం ఇలా సహాయక క్రియలో దాచి పెట్టింది. ‘ప్రదర్శనశాల’ అన్న సమాసంలో లేని స్వేచ్ఛ ‘చేసి చూడు’ అన్న రెండు మాటల్లో ఉంది.

తిరుపతి, హైదరాబాదు వంటి చోట్ల ఫలకాల తెలుగు పాఠాలను సేకరించి, వాటిలో క్రియలు, నామాలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో, విధ్యర్థక వాక్యాలు ఎన్నో, ఆంగ్ల పాఠపు వాక్యక్రమం ఎంతవరకు దిగుమతి అయిందో లెక్కించడం తెలుగు శాఖల విద్యార్థులు చేపట్టదగిన పని. దానితోపాటు, అక్కడ నిలబడి పిల్లలకు చెప్పే యువతీయువకుల మౌఖిక వివరణలను కూడా నమోదు చేయవలసి ఉంటుంది. ఫలకం మీద ‘ద్రవ్యవేగం’ అని ఉన్నచోట వారి నోట ఏ మాట వస్తున్నదో అప్పుడే తెలుస్తుంది.