థర్మామీటర్ బిస్మిల్లా అనేలోపు

మొన్న టీవీలో అంతరిక్షం నుంచి తిరిగొస్తున్న క్యాప్సూల్ చుట్టూ మంటలు చూసి మా చిన్న బేటీ అడిగింది: "అబ్బూ, ఆ వేడి ఎంతుందో ఎవరు కొలిచారు? థర్మామీటర్ కాలిపోదా?"

సవాల్ చిన్నదే. జవాబు వెతకడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది.

కథ 1950లలో అమెరికాలో నడిచింది. నీయత్ మంచిదని చెప్పలేను. హైడ్రోజన్ బాంబును ఖండాలు దాటించాలన్నదే అప్పటి ఆరాటం. సెకనుకు ఏడు కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి దిగే క్షిపణి ముక్కు ముందు గాలి నలిగి, ఆరేడు వేల డిగ్రీలకు చేరుతుంది. ఆ హరారత్‌కి ఆక్సిజన్, నైట్రోజన్ అణువుల జంటలు జుదా అయిపోతాయి. చల్లని గోడ దగ్గర మళ్లీ కలిస్తే, విడిపోయేటప్పుడు మింగిన వేడినంతా అక్కడే కక్కుతాయి. ఎంత కక్కుతాయో పక్కా అందాజా ఎవరికీ లేదు. కవచం మందం చేస్తే మోయలేని బరువు, పల్చన చేస్తే అంతా ఖాక్.

దీన్ని నేల మీదే పరీక్షించడానికి షాక్ ట్యూబ్ ఉంది. ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ 1899లోనే వాడిన సాధనం. పొడుగాటి గొట్టం, మధ్యలో పల్చని పరదా. ఒకవైపు గ్యాస్‌ని గట్టిగా దట్టించి పరదా చింపితే, అవతలి గాలిలోకి షాక్ తరంగం దూసుకెళ్లి దాన్ని మండిస్తుంది. మరి ముష్కిల్ ఎక్కడ? ఆ వేడి గాలి పనికొచ్చే తీరులో నిలిచేది సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. మామూలు థర్మామీటర్ బిస్మిల్లా అనేలోపు ఖేల్ ఖతం.

నా ఉర్దూ మీడియం రోజుల్లో కరెంటు పోతే చిరాగ్ మంటలోంచి వేలు సర్రున లాగేవాళ్లం. కాలేది కాదు. మంట చల్లనిదని కాదు, వేడి చర్మంలోకి దిగడానికి వ్యవధి ఉండదు. ఇంజినీర్లూ ఆ కిటుకే పట్టుకున్నారు. మంటను వదిలేసి, మంట తగిలిన పైపొర లమ్హా లమ్హాకీ ఎంత వేడెక్కిందో చూశారు.

ఆ పైపొర గాజు. దాని మీద ప్లాటినం పూత, మందం మైక్రాన్‌లో పదో వంతు, కొన్నిసార్లు ఇంకా తక్కువ. నాకు మజా అనిపించిన సంగతి ఇదే: చీనీ కప్పుల అంచులకు వెండి మెరుపు తేవడానికి వాడే ప్లాటినం ద్రవాన్నే బ్రష్‌తో పూసి బట్టీలో కాల్చేవారు. గాజు వేడెక్కగానే పూత కూడా వేడెక్కి, దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఆసిలోస్కోప్ తెర మీద గీత లేస్తుంది, దాన్ని ఫొటో తీస్తారు. ఆ గీత వంపు నుంచి ఉల్టా హిసాబ్ వేసి, ఏ లమ్హాలో ఎంత వేడి దిగిందో రాబడతారు. వేడి నిలకడగా పడితే ఈ లెక్క సులువే. క్షణక్షణం మారితే మాత్రం ప్రాణం తీస్తుంది. తర్వాత దానికీ ఇలాజ్ దొరికింది. రెసిస్టర్లు, కెపాసిటర్లు నిచ్చెన మెట్లలా పేర్చిన సర్క్యూట్‌లోకి విద్యుత్ ఇంకే తీరూ, గాజులోకి వేడి ఇంకే తీరూ ఒకటే. లెక్క సర్క్యూటే చేసిపెట్టింది.

ఇంకో ఆఫత్ మిగిలింది. షాక్ మరీ బలమైతే గాలి నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, గాలే కరెంటు తీగలా మారుతుంది. పూత నుంచి వచ్చే సిగ్నల్ ఖరాబ్. మసాచుసెట్స్‌లోని ఆవ్కో ఎవరెట్ ల్యాబ్‌లో పీటర్ రోజ్ దీనికి మందమైన ప్లాటినం వాడాడు, పడిన వేడినంతా తనలోనే దాచుకునేలా. 1958 ఫిబ్రవరిలో రోజ్, స్టార్క్ తమ కొలతలు ప్రచురించారు. అదే పత్రిక అదే సంచికలో ఫే, రిడెల్ కాగితం మీద కట్టిన లెక్క కూడా వచ్చింది. రెండూ బాగా కలిశాయి. ఫే–రిడెల్ సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది.

మన ఇళ్ల గోడల మీద ఫొటోలో నవ్వే కలాం సాబ్ హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌కి డైరెక్టర్‌గా ఉన్నప్పుడు, 1989 మే 22న ఎగిరిన అగ్ని ముక్కుకీ ఇదే సవాల్ ఎదురైంది. బెంగళూరు ఐఐఎస్‌సీ షాక్ టన్నెల్‌లో ప్లాటినం పూతలు వాడుతూ వచ్చారు.

ఇదంతా బేటీకి చెప్పి, అల్మారాలోంచి అంచు మెరిసే కప్పు తీసి చూపించాను. అది వెంటనే నా చేతిలోంచి లాక్కుంది.

"అబ్బూ, ఇది దాదీ కప్పు. దీన్ని కాల్చొద్దు."