కోక్స్ అంటే తెలుగులో ఏమంటాం?

పోయిన ఆదివారం మన పిల్లల తెలుగు తరగతిలో ఎనిమిదో క్లాసు అమ్మాయి ఒక మాట అడిగింది. ఇంగ్లీషు పాఠంలో ‘కోక్స్’ అని వచ్చిందట, తెలుగులో ఏమంటారని. ‘బుజ్జగించడం’ అన్నాం. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు “అంటే తాజా పణ్ణరదా అంకుల్?” అన్నాడు. తరగతంతా నవ్వింది. మద్రాసు తెలుగు పిల్లలకు తెలుగు మాట తమిళం మీదుగా అర్థమవుతుంది. దానికి మేము నొచ్చుకోవడం మానేసి చాలా కాలమైంది.

కానీ ఇంటికొచ్చాక ఆ జవాబు సరిపోలేదనిపించింది. ఆ మాట వెనక ఉన్న కథ, మన ఊళ్ళోనే జరిగిన కథ, ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ముందు మాట సంగతి. (కేబుల్ టీవీ వైరును కూడా కోయాక్స్ అంటారు. దానికీ దీనికీ చుట్టరికం లేదు.) 16వ శతాబ్దపు ఇంగ్లీషులో ‘కోక్స్’ అంటే వెర్రిబాగులవాడు. ఒకణ్ణి ‘కోక్స్’ను చేయడమంటే వెర్రివాణ్ణి చేసి ఆడించడం. అది క్రమంగా ముద్దు చేయడం, లాలించడం అయి, చివరికి మెత్తగా మాట్లాడి పని చేయించుకోవడం దగ్గర స్థిరపడింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో దీన్ని చేర్చుకుంటూనే ఇది నాసిరకం మాట అని పక్కన రాసి పెట్టాడు. అదే ‘పర్స్వేడ్’ చూడండి, పుట్టుకలోనే పెద్దింటి మాట. లాటిన్‌లో తీపికి సంబంధించిన ధాతువు నుంచి వచ్చింది.

మనకు ఈ పనికి మాటలు చాలానే ఉన్నాయి, కానీ ఒక్కోటి ఒక్కో మెట్టు మీద నిలబడి పలుకుతుంది. బతిమాలడం కింద నుంచి పైకి. బుజ్జగించడం పై నుంచి కిందికి, పెద్దవాళ్ళు పిల్లలకు చేసేది. నచ్చజెప్పడం సమానుల మధ్య, కారణాలు చూపించి. కాకా పట్టడం సొంత లాభానికి. మనవాళ్ళు చెప్పే నాలుగు ఉపాయాల్లో మొదటిదైన సామం ఉందిగానీ, అది రాజులకూ రాయబారులకూ చెందిన మాట. సోఫా కింద దూరిన పిల్లికూనను ఇవతలికి రప్పించేటప్పుడు ఎవరూ సామోపాయం అనరు.

ఇంగ్లీషువాళ్ళ మాటలో మాకు నచ్చిన విశేషం దాని వాడుకలో ఉంది. మనిషిని ఒక పనిలోకి కోక్స్ చేయొచ్చు. మనిషి నుంచి ఒక వస్తువునో రహస్యాన్నో చిరునవ్వునో కూడా కోక్స్ చేయొచ్చు. ఆరిపోతున్న నిప్పును, మొరాయించే ఇంజన్ను కూడా. మనకు ఆ రెండోదానికి రెండు క్రియలు కావాలి: బుజ్జగించి రాబట్టడం. ఆ ‘రాబట్టడం’ దగ్గరే మా కథ మొదలవుతుంది.

1790లలో ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య అనే యువకుడు కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర చేరాడు. మెకంజీ స్కాట్లండులోని లూయిస్ దీవివాడు. 1783లో మద్రాసుకు వచ్చాడు. కొలతలు, పటాలు ఆయన ఉద్యోగం, పాత చరిత్ర ఆయన పిచ్చి. అయితే ఈ దేశపు భాష ఒక్కటీ రాదు. ఆ మాట ఆయనే 1817లో రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. తనకు ఈ దేశపు విద్య వాకిలి తెరిచింది బొర్రయ్యేనని అందులో నిస్సంకోచంగా చెప్పాడు. బొర్రయ్య 1803లో, ముప్ఫై ఏళ్ళయినా నిండకుండా పోయాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నెత్తికెత్తుకున్నాడు. ఇంకో తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకమే వేశాడు.

వాళ్ళు చేసిన పని ఏమిటి? ఊరూరా తిరిగి, గుడి పూజారిని, కరణాన్ని, పాత పాళెగాడి వారసుణ్ణి కలిసి, ఇంట్లో ఉన్న తాటాకు కట్టలో ఏముందో చూపించమనడం. శాసనమున్న రాయి దగ్గరికి తీసుకెళ్ళమనడం. ఊరి పుట్టుపూర్వోత్తరాలు చెప్పమని రాసుకోవడం. ఆ రాతలే కైఫీయతులు.

చెప్పినంత సులువు కాదు. టిప్పు సుల్తాను 1799లో పోయాడు, కుంపిణీ రాజ్యం కొత్తగా కూర్చుంటోంది. అలాంటప్పుడు తలపాగా చుట్టుకుని, కాగితాల మూటతో ఒకడు వచ్చి “మీ మాన్యం ఎవరిచ్చారు, పత్రం ఉందా?” అంటే ఎవరు చూపిస్తారు? చూపిస్తే ఇనాము పోతుందేమో, శిస్తు పెరుగుతుందేమో. ఆ భయం వట్టిది కూడా కాదు. కాబట్టి కూర్చోవాలి, కుశల ప్రశ్నలు వేయాలి, ఏదో కానుక చేతిలో పెట్టాలి, నకలు రాసుకుని అసలు తిరిగిచ్చేస్తామని మాటివ్వాలి. రేపు రమ్మంటే రేపు వెళ్ళాలి. మెకంజీ సేకరణలో మనం చదివే ప్రతి కైఫీయతు వెనకా ఇలాంటి ఓ పంచాయితీ ఉండే ఉంటుంది.

అయితే ఒక మాట దాచకూడదు. ఈ బుజ్జగింపు వెనక దొరగారి చీటీ ఉంది, దాని వెనక సైన్యం ఉంది. సామం చేసేవాడి భుజం మీదుగా దండం కనిపిస్తున్నప్పుడు అవతలివాడి ‘సరే’లో ఎంత ఇష్టం, ఎంత భయం? మాకు కావలి సోదరులంటే గౌరవమే గానీ, ఈ ప్రశ్న మమ్మల్ని వదలదు.

ఇంకో సంగతి. మెకంజీ 1821లో పోయాక ఆయన సేకరణను కుంపిణీ లక్ష రూపాయలకు కొంది. ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో జేమ్స్ ప్రిన్సెప్ వాళ్ళు ఆయనకు అంత యోగ్యత లేదని తేల్చారు. ఏళ్ళ తరబడి ఊళ్ళను మాట్లాడించినవాడు, కలకత్తాలో నలుగురి చేత ‘ఊఁ’ అనిపించలేకపోయాడు. ఆ ప్రతులను పరిశీలించే పని మద్రాసులో ఒక పాదరీకి, విలియం టేలర్‌కు, దక్కింది.

ఆ సంపదలో చాలా భాగం తిరిగి మద్రాసుకే చేరింది. బ్రౌన్ దొరగారు మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చిన రెండు వేల పైచిలుకు ప్రతులతో కలిసి ప్రాచ్య లిఖిత గ్రంథాలయం అయింది. నుంగంబాక్కం కాలేజ్ రోడ్డులో రోజూ వెళ్ళేవాళ్ళలో, ఆ ‘కాలేజ్’ దొరలకు తెలుగు, తమిళం నేర్పిన 1812 నాటి సెయింట్ జార్జి కోట కళాశాల అని ఎంతమందికి తెలుసో!

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన సంఘం చేస్తున్నదీ అదే పని కాబట్టి. రెండేళ్ళ క్రితం జార్జిటౌన్‌లో ఒక పాత ఇంట్లో తెలుగు లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు, రెండు తాటాకు కట్టలు ఉన్నాయని తెలిసింది. మేమేం చేశాం? లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, స్టాంపు వేసి, ‘సముదాయ చరిత్ర దృష్ట్యా తప్పక అందజేయగలరు’ అని పంపాం. ఆ ఇంట్లో అన్నదమ్ముల మధ్య వాటాల తగాదా నడుస్తోందట. మా ఉత్తరం చూసి ఎవరో కోర్టు కోసం కాగితాలు లాగుతున్నారనుకున్నారు. నెల తర్వాత మేము వెళ్ళేసరికి గది ఖాళీ. పుస్తకాలు పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వెళ్ళిపోయాయి. తాటాకులు ఏమయ్యాయో చెప్పినవాళ్ళు లేరు. రెండు వందల ఏళ్ళ నాటి ఇనాముదారు భయమే అది, వేషం మార్చుకుని వచ్చింది. మేము గుర్తుపట్టలేదు.

పెరంబూరులో ఇప్పుడు ఒక అవ్వగారి ఇంట్లో ట్రంకు పెట్టె ఉంది. ఈసారి ఉత్తరం పంపలేదు. మొదటిసారి వెళ్ళి కాఫీ తాగి వచ్చాం. రెండోసారి ఆమె మోకాళ్ళ నొప్పి గురించి, మనవడి వీసా గురించి విన్నాం. మూడోసారి పెట్టె మీది దుప్పటి తీశారు, తాళం తీయలేదు. నాలుగోసారి ఆమే “మీరు కాగితాలు అడగరేం?” అన్నారు. ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదు, ఆమె ఎదురుగానే ఫోటోలు తీసుకోవాలి, పత్తాయాలు ఉన్న అడుగు అర ముట్టుకోకూడదు అని మూడు షరతులు పెట్టారు. ఒప్పుకున్నాం. మా వెనక ఏ దొర చీటీ లేదు, ఆమె వద్దంటే వద్దు.

వచ్చే ఆదివారం ఉదయం 10కి వెళ్తున్నాం. మంచి కెమెరా ఉండి, చేయి వణకనివాళ్ళు ఇద్దరు కావాలి. తెలుగు తరగతి అమ్మాయి కూడా వస్తానంది. వచ్చేవాళ్ళు కాఫీ వద్దనకండి, అడుగు అరలో ఏముందని మాత్రం దయచేసి అడగకండి.