గుంటూరు సిస్టరమ్మల చరిత్రలో మనవాళ్లు ఎక్కడ?

ఈసారి పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు చుట్టుపక్కల ఉండే యానాది, ఎరుకల, సుగాలి పిల్లలం మనం. మన నానమ్మల తరం పురుళ్ల గురించి మాట్లాడితే ఎక్కడో ఒకచోట "మిషన్ ఆసుపత్రి", "సిస్టరమ్మ" అనే మాటలు వస్తాయి. ఈ సిస్టరమ్మలు ఎవరు?

ముందు ఒక తికమక తీర్చుకుందాం. గుంటూరులో పేరున్న డాక్టర్ కుగ్లర్ క్యాథలిక్ మఠకన్య కాదు. ఆమె 1883లో వచ్చిన అమెరికన్ లూథరన్ మిషనరీ. క్యాథలిక్ మఠకన్యలు వచ్చింది 1904లో. వాళ్లది నెదర్లాండ్స్‌లో 1822లో పుట్టిన జీసస్ మేరీ జోసెఫ్ సభ. మనవాళ్లు జె.ఎం.జె. సిస్టర్లు అంటారు.

వీళ్లలో చేరడానికి 1920 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నుంచి ఒక డాక్టరమ్మ గుంటూరు వచ్చింది. పేరు మేరీ గ్లోరీ. పుట్టింది 1887లో, విక్టోరియా రాష్ట్రంలో. 1851లో బంగారం దొరికిందని ప్రపంచం నలుమూలల నుంచి జనం ఎగబడ్డ రాష్ట్రం అదే. ఆ బంగారం డబ్బుతో పెరిగిన మెల్‌బోర్న్ నగరంలోని విశ్వవిద్యాలయంలోనే ఆమె వైద్యం చదివింది. అక్కడ ఆడవాళ్లను మెడిసిన్‌లో చేర్చుకోవడం మొదలైంది కూడా ఆమె పుట్టిన 1887లోనే.

ఆ రోజుల్లో మఠకన్య డాక్టరుగా పనిచేయడానికి, ముఖ్యంగా పురుళ్లు పోయడానికి, చర్చి చట్టం ఒప్పుకునేది కాదు. మన దేశంలోనేమో చాలామంది ఆడవాళ్లు మగ డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. ఈ రెంటి మధ్యా తల్లీబిడ్డలు చనిపోయేవాళ్లు. గ్లోరీకి పోప్ 15వ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతి ఇచ్చారు. మఠకన్యలందరికీ ఆ దారి తెరుచుకుంది మాత్రం 1936లోనే. ఆమె గుంటూరులో దశాబ్దాల పాటు పనిచేసింది, స్థానిక ఆడపిల్లలకు నర్సు పని, కాంపౌండరు పని నేర్పించింది. 1943లో క్యాథలిక్ ఆసుపత్రుల సంఘం పెట్టింది. 1957లో బెంగళూరులో కన్నుమూసింది.

ఇదంతా మంచి చరిత్రే, కాదనడం లేదు. కానీ ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోగి ఎవరు? ఏ పేటది? ఏ కులం, ఏ తెగ? ఇలాంటి మిషన్ చరిత్రల్లో డాక్టరమ్మ పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది, తేదీ ఉంటుంది. రోగులు మాత్రం ఒక అంకె.

దీని పక్కన ఇంకో రిజిస్టరు పెట్టి చూడండి. అదే కాలంలో 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మన ఎరుకలవాళ్ల వేలిముద్రలు తీసుకుని, పేరు పేరునా రాసి, హాజరు వేశారు. స్టూవర్టుపురంలో, మన తాడేపల్లి పక్కనే ఉన్న సీతానగరంలో సెటిల్‌మెంట్లు నడిచాయి. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. అది ప్రొటెస్టెంట్ సంస్థ, ఈ సిస్టర్లకు దానితో సంబంధం లేదు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. అంటే మనల్ని నేరస్తులని అనడానికి పేర్లు రాశారు. రోగులుగా వెళ్తే లెక్క మాత్రమే రాశారు.

ఇది మన ఒక్కరి కథే కాదు. విక్టోరియాలో బంగారం పట్టణమైన బల్లారత్‌కు 1875లో లొరేటో మఠకన్యలు వచ్చి బడి పెట్టారు. ఆ బడి చరిత్ర బాగానే దొరుకుతుంది. కానీ ఆ నేల వదవురుంగ్ ఆదివాసులది. బంగారం కోసం తవ్విపోసింది వాళ్ల భూమినే.

మరి మనం ఏం చేయాలి? పాత విచారణ గుళ్లలో జ్ఞానస్నానాల రిజిస్టర్లు ఉంటాయి. అందులో తల్లిదండ్రుల పేర్లు రాస్తారు. పుట్టిన తేదీకి ఏ కాగితం లేని మన పెద్దవాళ్లకు అది అక్కరకొచ్చే ఆధారం. మతం మారినా ఎస్టీ హోదా పోదు, ఆ భయంతో ఎవరూ దాచుకోనక్కర్లేదు. ఫాదర్ గారి దగ్గరికి వెళ్తే మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. ఫొటో తీసే ముందు అనుమతి తీసుకోండి.

అంతకన్నా ముందు ఇంట్లో పెద్దమ్మల్ని, నానమ్మల్ని అడగండి. "మా అమ్మ ఎక్కడ పుట్టింది? పురుడు ఎవరు పోశారు? మన మంత్రసాని పేరేంటి? ఆసుపత్రికి ఎలా వెళ్లారు, నడిచా, బండి మీదా? అక్కడ మనల్ని ఎలా చూశారు?" చెప్పింది చెప్పినట్టు, మన మాటలోనే రాసుకోండి. మంచి చెప్పినా రాయండి, చెడు చెప్పినా రాయండి. చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ వేయడం మర్చిపోవద్దు. పేరు వద్దంటే వాళ్లిష్టం.

ఆ ముసలమ్మలు ఉండగానే ఈ పని జరగాలి. ఈ సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్క నానమ్మ దగ్గర కూర్చుందాం.