కొండవీటి కోట – సంతానసాగరము – పురిటి సుంకము



సభలో వక్త ఎంతకూ ముగించకపోయినా, జాబితా ఎంతకూ తెగకపోయినా మనం "కొండవీటి చేంతాడు" అంటాము. నీరు చేదే త్రాడు చేంత్రాడు. వాడుకలో చేంతాడు, చాంతాడు అయింది. ఆ ఊరి బావులు అంత లోతైనవనీ, వాటి నీరందుకోవటానికి అంత పొడుగు త్రాడు కావలసివచ్చేదనీ పెద్దలు చెప్పే అర్థం. రాజధానిగా విలసిల్లిన ఒక నగరం పేరు సామాన్యుని నోట నిలవటానికి దాని బురుజులు గాని, ఆస్థాన కవులు గాని కారణం కాలేదు. నీళ్ళు తోడుకొనే త్రాడు కారణమైంది. ఈ సంగతి నన్ను చాలా కాలంగా ఆలోచింపజేస్తున్నది. ఉద్యోగకాలమంతా శ్రీనాథుని పద్యాలు పిల్లలకు చెప్పినవాడను. ఉద్యోగవిరమణ తరువాత ఆ కోటను యాత్రికునిగా కాలినడకన ఎక్కి చూడాలన్న కోరిక మొన్నటి మార్గశిరంలో నెరవేరింది.

కొండవీడు ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిది. 2022లో జరిగిన పునర్విభజనలో యడ్లపాడు మండలంతోబాటు పల్నాడు జిల్లాలోకి వచ్చింది. పక్కనున్న ఫిరంగిపురం మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఈ రెండు ఊళ్ళనూ కలిపి చదువుకుంటే తప్ప కొండవీటి చరిత్ర బోధపడదని నా అభిప్రాయం. ఎందుకో ముందు ముందు మనవి చేస్తాను.

ఇప్పుడు కొండమీదికి ఘాట్ రోడ్డు ఉన్నది. కారులో పోదామని మా అల్లుడు ఎంత చెప్పినా నేను పాత దారినే పట్టాను. కోటను ఎక్కవలసింది కాళ్ళతోనే. శత్రువు ఏ మలుపులో ఆయాసపడతాడో, ఏ బురుజు కింద నిస్సహాయుడై నిలబడతాడో కట్టినవాడు ముందే లెక్కవేసి ఉంటాడు. ఆ లెక్క మన మోకాళ్ళకు తెలిసినంతగా కళ్ళకు తెలియదు. సీతాఫలపు పొదల నడుమ, అరిగిన రాళ్ళమీద, నాలుగడుగులకొకసారి ఆగుతూ ఎక్కాను. నా మనుమడు నాకంటె ముందు పరుగెత్తి, ప్రతి మలుపులోనూ "తాతయ్యా, ఇంకా ఉంది!" అని కేకవేయసాగాడు.

ఈ కోట ఒక్క శిఖరం మీద కట్టినది కాదు. కొన్ని కొండలను ప్రాకారంతో ముడివేసి, వాటి నడుమ పల్లాన్ని లోపలికి తీసుకొన్నారు. గోడ కొండ వెన్నువెంట ఎక్కుతుంది, దిగుతుంది, చెట్లలో మాయమై అవతలి గుట్టమీద తిరిగి కనిపిస్తుంది. ద్వారాలకు కొలేపల్లి దర్వాజా, నాదెండ్ల దర్వాజా అని ఇరుగుపొరుగు ఊళ్ళ పేర్లే ఉన్నాయి. దర్వాజా అన్న మాట తరువాతి పాలకులది. ఊరిపేరు మాత్రం మనది. ఒకే పేరులో రెండు పాలనలు ఒదిగి ఉండటం భాషాభిమానులకు ముచ్చటగొలిపే విషయం.

అయితే నన్ను ఎక్కువసేపు నిలిపినవి గోడలు కావు, చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని కొండమీద మూడున్నాయి. పల్లంలోకి జారే వాననీటిని కట్టవేసి నిలిపినవి. గిరిదుర్గానికి శత్రుసైన్యం కంటె దప్పిక పెద్ద శత్రువు. గోడ ఎంత ఎత్తైనా లోపలివారికి నీరు చాలకపోతే తలుపులు వారే తెరుస్తారు. చెరువుగట్టున మేకలను తోలుకొంటున్న ఒక పెద్దాయనను "ఏమయ్యా, వేసవిలోనూ నీళ్ళుంటాయా?" అని అడిగాను. "వానల్ని బట్టండయ్యా" అని, కాసేపాగి, "పురుటికి పన్నేసిన రాజు కోటండి ఇది" అన్నాడు. నేను అడిగింది నీళ్ళ సంగతి, ఆయన చెప్పింది పన్ను సంగతి. రెంటికీ సంబంధం ఉన్నదని తరువాత తోచింది.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పుకోవాలి. కాకతీయ సామ్రాజ్యం 1323లో కూలిన తరువాత అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యాన్ని నిలిపినవాడు ప్రోలయ వేమారెడ్డి. ఎఱ్ఱాప్రగడ హరివంశాన్ని అంకితం పొందినవాడు, శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినవాడు ఆయనే. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. తరువాత అనవేముడు, కుమారగిరి, పెదకోమటి వేముడు ఏలారు. చివరివాడు రాచవేముడు, 1420 నుండి 1424 వరకు. ఆ తరువాత కోట విజయనగరానికి, గజపతులకు చేతులు మారింది. 1515 జూన్ 23న కృష్ణదేవరాయలు గజపతుల నుండి దీనిని గెలిచి, గజపతి కుమారుడు వీరభద్రుని బందీగా పట్టాడు. పిమ్మట గోలకొండ సుల్తానులు వచ్చారు. 1788లో గుంటూరు సీమతోబాటు ఆంగ్లేయుల వశమైంది. ఇన్ని చేతులు మారిన కోటను నేటికీ జనం రెడ్డిరాజుల కోట అనే అంటారు. అందులోనూ ఎక్కువగా తలచుకొనేది చివరి రాజునే, అదీ తిట్టుకోవటానికి!

ఆ కథ ఇది. రాచవేముడు తన ప్రజలపై పురిటి సుంకం విధించాడట. ఇంట బిడ్డ పుడితే రాజుకు పన్ను కట్టాలి. సవరం ఎల్లయ్య అనే అతడు ఇది సహించలేక రాజును కత్తితో పొడిచి చంపాడట. కల్నల్ మెకంజీ ఆధ్వర్యంలో కావలి సోదరుల వంటివారు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయత్తుల సంప్రదాయంలో నిలిచిన కథ ఇది. రాచవేముని మరణానికీ ఆ సేకరణకూ నడుమ నాలుగు వందల యేండ్లకు కొంచెం తక్కువ కాలం ఉన్నది. కాబట్టి దీనిని సాక్ష్యంగా తీసుకోవటంలో జాగ్రత్త అవసరం.

ఇప్పుడు శాసనాలవైపు చూద్దాం. వంశారంభంలో, 1358లో, అనవోతారెడ్డి మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించాడు. అందులో వెండి బంగారాలపై సుంకం తీసివేశాడు. అంతకంటె ముఖ్యంగా అపుత్రికదండాన్ని విడిచిపెట్టాడు. కొడుకులు లేకుండా చనిపోయిన వర్తకుని ఆస్తిని రాజు స్వాధీనం చేసుకొనే హక్కు అది. అంటే బిడ్డలు లేని వారి సొమ్మును ముట్టనని మొదటి తరాల రాజు రాతిమీద చెక్కించాడు.

రెండవది ఫిరంగిపురం శాసనం, 1409 నాటిది. పెదకోమటి వేముని రాణి సూరాంబిక అక్కడ ఒక చెరువు త్రవ్వించి దానికి సంతానసాగరమని పేరు పెట్టింది. ఆ శాసనకర్త సాక్షాత్తు విద్యాధికారి శ్రీనాథుడు. సంతానమంటే బిడ్డలు, దేవతరువులు ఐదింటిలో ఒకటి కూడా సంతానమే. అడిగినవారికి అడిగినట్లిచ్చే చెట్టు పేరును చెరువుకు పెట్టటంలోని ఔచిత్యం మీకు వివరించనక్కరలేదు.

మూడవది 1415 నాటి అమీనాబాదు శాసనం. అప్పటికింకా యువరాజుగా ఉన్న రాచవేముడు తన తల్లి త్రవ్వించిన సంతానసాగరానికి నీరు చేరటానికి ఒక కాలువ త్రవ్వించి, తమ వంశబిరుదమైన జగనొబ్బగండ పేరు దానికి పెట్టాడు. తల్లి చెరువు, కొడుకు కాలువ. శాసనం చదివితే కనిపించే రాచవేముడు ఇతడు.

ఒకే కుటుంబంలో సంతానమనే మాట ఎన్ని విధాల తిరిగిందో గమనించండి. ముందుతరం రాజు బిడ్డలు లేనివారి దండాన్ని ఎత్తివేశాడు. రాణి సంతానం పేర చెరువు త్రవ్వించింది. ఆమె కన్నకొడుకు, ఆ చెరువుకే నీరు తెచ్చినవాడు, బిడ్డ పుడితే పన్ను వేసినవాడుగా జనశ్రుతిలో మిగిలాడు. ఇందులో దేనిని నమ్మాలి?

శాసనం సమకాలికం గనుక అదే నిజమనీ, కైఫీయత్తు పుక్కిటిపురాణమనీ కొట్టివేయటం సులభం. నేను అలా చేయలేకపోతున్నాను. శాసనం రాజుగారి సొమ్ముతో, రాజుగారి కవి చేత వెలువడింది. దానంలో ఏమిచ్చాడో చెబుతుంది గాని, ఇచ్చినది ఎక్కడనుండి తెచ్చాడో సాధారణంగా చెప్పదు. 1402 నుండి 1424 దాకా కొండవీటికి ఊపిరి తిరగలేదు. రాజమహేంద్రవరపు దాయాదులతో పోరు, రేచర్ల వెలమలతో పోరు, విజయనగరంతో పోరు. యుద్ధానికి ధనం కావాలి. ధనానికి పన్ను కావాలి. ఇంటి శుభకార్యంపై పన్ను వేయటం ఆ కాలానికి కొత్త కాదు. పెండ్లి సుంకం ఉండేది. దానిని రద్దు చేసినట్లు చెప్పే శాసనాలు కృష్ణదేవరాయల కాలంలో ఉన్నాయి. పెండ్లికి వేసినవారు పురిటికి వేయరని గట్టిగా అనలేము.

అలాగని కథను యథాతథంగా ఒప్పుకోమనీ నేననను. పడిపోయిన వంశపు చివరిరాజుపై నిందలు పోగుపడటం లోకరీతి. రాజ్యం చేతులు మారినప్పుడు వెనుకటివాడు ఎంత దుర్మార్గుడైతే వచ్చినవానికి అంత మేలు. నాకు తోచేదేమంటే, శాసనం ఇచ్చినవాని నోటిమాట, కైఫీయత్తు కట్టినవాని నోటిమాట. పురిటి సుంకం అక్షరాలా నిజం కాకపోయినా, బిడ్డ పుట్టినా పన్నేనా అని జనం అనుకొనేటంతగా భారం పడిందన్న మాట మాత్రం నిజమై ఉంటుంది. కొండమీద మేకలు కాచుకొనే ఆ పెద్దాయనకు కాలువ సంగతి తెలియదు, పన్ను సంగతి తెలుసు. పొలాలకు పారే నీరు కొన్నాళ్ళకు అందరికీ అలవాటైపోతుంది, ఎవరు తెచ్చారో మరచిపోతారు. నెత్తిన పడిన సుంకాన్ని ఎవరూ మరవరు.

దీనికి శ్రీనాథుని జీవితమే ఒక తార్కాణం. కొండవీటి ప్రాభవం పోయాక ఆయన ఆశ్రయం కోసం తిరిగాడు. చివరికి కృష్ణాతీరాన బొడ్డుపల్లెను గుత్తకు తీసుకొన్నాడనీ, పైరు ఏటిపాలు, పక్షులపాలు కాగా ఏడువందల టంకాలు చెల్లించలేక శిక్ష అనుభవించాడనీ చాటుసంప్రదాయం చెబుతున్నది. చాటువులలోని ప్రతి మాటా చరిత్ర కాదు. కాని సంతానసాగర శాసనాన్ని రాసిన చెయ్యి, పన్ను కట్టలేక రిక్తమై చాచినట్లు తెలుగువారు ఊహించుకున్నారు. ఆ ఊహలో కూడా నీరు ఉన్నది, సుంకం ఉన్నది. ఇచ్చేవాని పక్కన కూర్చుని రాసినవాడు చివరకు కట్టేవాని వరుసలో నిలిచాడు.

కొండవీటికి వెళ్ళదలచినవారికి ఒకటి రెండు మాటలు. చలికాలంలో, పొద్దు పొడవకముందే బయలుదేరండి. తాగేనీరు తీసుకువెళ్ళండి. కనీసం దిగేటప్పుడైనా పాత దారిని నడవండి. కొండ దిగువన గోపీనాథస్వామి ఆలయం ఉన్నది. కత్తులబావి అని అక్కడివారు పిలుస్తారు. నమ్మించి పిలిచి చంపిన సామంతుల కథ ఒకటి దానిపేర చెబుతారు, వినండి. గోడలమీద పేర్లు చెక్కవద్దని పిల్లలకు చెప్పండి; ఇప్పటికే చాలామంది తమ ప్రేమను ఆ రాళ్ళకు అప్పగించి ఉన్నారు. తిరుగుప్రయాణంలో ఫిరంగిపురం మీదుగా రండి. బాలయేసు దేవాలయం చూడటానికి అందరూ ఆగుతారు. మీరు చెరువు కోసం కూడా ఆగండి.

మిత్రులలో ఆ ప్రాంతంవారు ఉంటే ఒక విన్నపం. పురిటి సుంకం కథను మీ ఇంట అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ మాటలతో చెప్పేవారో రాయండి. కాన్పుకు పన్ను అన్న మాట ఆ కాన్పులు పడినవారి నోట ఎలా ఉండేదో ఏ శాసనంలోనూ దొరకదు.